పెన్సిల్ చుక్క

ఫిబ్రవరి 3

అక్కకి,

కవరు బరువు చూసి కంగారు పడకు. లోపల ఉన్నది మా ఊరి మ్యాపు. పని పడితేనే నేను గుర్తొస్తానని సాధిస్తావు కదా, సాధించు. పని పడింది.

ఫోను చెయ్యొచ్చుగా అనకు. కంప్రెసర్ల మోతలో ఇన్నేళ్ళు పనిచేశాక ఈ చెవులకి ఫోను దండగ. పోయినసారి నువ్వు చాలాసేపు మాట్లాడావు, నేను చాలాసేపు ఊ కొట్టాను. ఏం మాట్లాడావో నాకు ఇప్పటికీ తెలీదు. కాగితమైతే ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు, ఎవరూ విసుక్కోరు.

విషయం ఏమిటంటే, మా ఆక్సిజన్ సిలిండర్ల గోదాము ఖాళీ చెయ్యాలి. షెడ్డు ఓనరు కొడుక్కి అక్కడ కార్లు కడిగే షాపు పెట్టాలని బుద్ధి పుట్టిందట. ఏప్రిల్ ఒకటికల్లా మేం వేరే చోట ఉండాలి. ఎక్కడ అనేది నన్నే తేల్చమన్నారు మేనేజరు గారు. వ్యాను నడిపేది నేనే కాబట్టి దూరాలు నాకే తెలుస్తాయని ఆయన లెక్క.

మా పని నీకు తెలుసుగా. ఊపిరితిత్తులు పాడైనవాళ్ళు ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకుని రోజులు నెట్టుకొస్తారు. కరెంటు పోతే మిషను ఆగిపోతుంది. పక్కన ఉండే చిన్న సిలిండరు ఒక గంట వస్తుంది. ఆ గంట అయ్యేలోపు నేను పెద్ద సిలిండరుతో వాళ్ళ గుమ్మంలో ఉండాలి. అందరికంటే దూరంగా ఉన్నవాళ్ళకి కూడా వీలైనంత దగ్గరగా ఉండే చోటు కావాలన్నమాట. ఇప్పుడున్న షెడ్డు ఊరికి తూర్పు కొసన ఉంది. తూర్పువాళ్ళకి హాయి, పడమటివాళ్ళకి కరెంటు పోతే నాకు ఉరుకులు పరుగులు.

మ్యాపు మీద దారాలు లాగి, డబ్బా మూతలు బోర్లించి చూశాను. తల ప్రాణం తోకకొచ్చింది. నువ్వు చేసేది ఇలాంటి చుక్కల లెక్కలే కదా అని గుర్తొచ్చింది. ఇంటికో చుక్క పెట్టి పంపుతున్నాను. పేర్లు బయటికి ఇవ్వకూడదని మా ఆఫీసు రూలు, అందుకని పేర్లు లేవు.

నేను బాగానే ఉన్నాను. గదిలో గోడ గడియారం ఆగిపోయింది. దాని టిక్కుటిక్కు నాకు ఎలాగూ వినపడదు కాబట్టి, ఆగి ఎన్నాళ్ళయిందో కూడా తెలీదు. నువ్వు తింటున్నావా?

నీ తమ్ముడు


ఫిబ్రవరి 11

ఒరేయ్ చెవిటి మాలోకం,

గడియారానికి బ్యాటరీ వెయ్యి. తింటున్నాను. మా క్యాంటీన్లో కిటికీ పక్కన ఒక్క కుర్చీ ఉన్న బల్ల ఉంది. అది నాదేనని అందరికీ తెలిసిపోయింది, ఎవరూ కూర్చోరు. మొన్న లిఫ్టులో ఒకాయన "మూడో అంతస్తేనా మేడం?" అన్నాడు. ఆ వారం మొత్తం మీద నాతో మాట ఆడింది ఆయనొక్కడే. అలాంటి రోజుల్లో నీ మ్యాపు వచ్చింది. బల్లంతా పరిచి, ఎవరో చుట్టం వచ్చి కూర్చున్నంత సంబరపడ్డాను.

నువ్వు అడిగింది ఏమిటంటే, ఈ చుక్కలన్నిటినీ కప్పే మూతల్లోకెల్లా చిన్న మూత. దాని నడిమధ్యే నీ గోదాము. ఇందులో ఉన్న తమాషా చెబుతాను విను. ఆ మూత అంచుని తాకే ఇళ్ళు రెండో మూడో ఉంటాయి, అంతే. మిగతావాళ్ళందరూ లోపల ఉంటారు. వాళ్ళున్నా లేకపోయినా మూత మారదు. మూత ఎంతుండాలో, ఎక్కడుండాలో తేల్చేది అంచున ఉన్నవాళ్ళే.

ఎలా చేశానంటే, ఇంటికో చీటీ రాసి బాగా కలిపేశాను. ఒక్కొక్క చీటీ తీశాను. తీసిన ఇల్లు అప్పటికి ఉన్న మూత కిందే ఉంటే గొడవ లేదు, ముందుకి పోవడమే. బయట పడిందనుకో, కొత్త మూతకి ఆ ఇల్లు అంచు మీద ఉండి తీరాలి. దాన్ని అంచున పెట్టుకుని మళ్ళీ మొదటినుంచి చూసుకురావాలి. కంప్యూటరుకి ఇది రెప్పపాటు పని. నాకు ఆదివారం చెయ్యడానికి వేరే ఏమీ లేదు, చేత్తోనే చేశాను.

చీట్లంటే నాకు ఎంత ఒళ్ళుమంటో నీకు తెలుసు. ఎవరి పుణ్యమో కూడా తెలుసు. ఏ సినిమాకి వెళ్ళాలన్నా, ఏ ఇల్లు అద్దెకి తీసుకోవాలన్నా మీ బావ చేసేది ఒకటే, రెండు చీట్లు రాసి నా ముందు పెట్టడం. నేను ఒకటి తీసేదాన్ని. రెండోది వెంటనే నోట్లో వేసుకుని నమిలి మింగేసేవాడు, నన్ను నవ్వించడానికి. మొదట్లో నవ్వేదాన్ని. పదకొండేళ్ళు ఎవరు నవ్వుతారు చెప్పు? విడిపోయి ఏడేళ్ళయినా మీ బావ అనే మాట నోటికి వచ్చేస్తుంది, అలవాటు.

అందుకేనేమో, ఆరేళ్ళుగా నేను చేస్తున్న పని కూడా ఒకటే. ఇలాంటి లెక్కల్లోంచి చీట్లు తీసిపారెయ్యాలి. అదృష్టం ఊసు లేకుండా, ఎప్పుడు చేసినా ఒకే దారిలో, అంతే త్వరగా జవాబు తేలాలి. మొన్నటికి పూర్తయింది. పత్రికకి పంపాను. వాళ్ళ జవాబు కోసం చూస్తున్నాను.

నీ గోదాము టైర్లకి పంక్చర్లు వేసే షాపు పక్క సందులో ఉండాలి. ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను. అక్కడినుంచి ఎవరింటికైనా ఇరవై అయిదు నిమిషాలు దాటదు. అన్నట్టు, మ్యాపుకి కుడివైపు చివర, రాతి క్వారీ అవతల, ఒక పెన్సిల్ చుక్క ఉంది. మిగతావన్నీ ఇంకుతో ఉన్నాయి కాబట్టి అది చెయ్యి జారి పడిందనుకుని వదిలేశాను.

అక్క


ఫిబ్రవరి 19

అక్కకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మూడోసారి చదివే ఓపిక లేక పక్కన పెట్టాను. నిజం చెప్పాలంటే కోపం వచ్చింది.

నేను అడిగింది జనం ప్రాణాల సంగతి. నువ్వు చీట్లు వేశావా? అన్ని చదువులు చదివి, చీట్లు తీసి మా గోదాము ఎక్కడుండాలో తేల్చావా? మేనేజరు గారికి చూపిస్తే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీ అక్కగారు ప్రొఫెసరేనా?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంకోసారి కలిపి తీస్తే ఇంకో సందు వస్తుందేమో! ఈ మాత్రం దానికి నేను ఇక్కడే కళ్ళు మూసుకుని మ్యాపు మీద వేలు పెట్టేవాణ్ణి.

రెండో సంగతి. ఆ పెన్సిల్ చుక్క చెయ్యి జారి పడింది కాదు. అక్కడ ఒక మనిషి ఉంటారు. క్వారీ మూతపడ్డాక అక్కడ మిగిలింది లారీలు తూచే కాటా గది ఒక్కటే. అందులోనే ఉంటారు. నేను సిలిండరు దించి, మిషను జాలీ కడిగి, టీ పెడితే తాగి వస్తాను. పక్కన ఇంకో ఇల్లు లేదు. కరెంటు పోతే మొదట పోయేది అక్కడే, ఆఖరున వచ్చేదీ అక్కడే. ఇంకుతో ఎందుకు పెట్టలేదంటే ఏదో అలా జరిగింది. దాన్ని కలుపుకుని మళ్ళీ లెక్క చెయ్యి. చీట్లు మాత్రం వద్దు.

గడియారానికి బ్యాటరీ వేశాను. తిరుగుతోంది.

తమ్ముడు


ఫిబ్రవరి 27

కోపిష్ఠి తమ్ముడికి,

నీ మేనేజరు గారికి నా నమస్కారాలు చెప్పి ఈ పేరా చదివి వినిపించు. చీట్లు వేసింది జవాబు కోసం కాదు, వరస కోసం. ఏ వరసలో తీసినా చివరికి మిగిలే మూత ఒక్కటే, అది మారదు. మారేది నా చాకిరీ. దగ్గరవాళ్ళ దగ్గర్నుంచి దూరంవాళ్ళ దాకా వరసగా తీసుకుంటూ పోయాననుకో, వచ్చిన ప్రతివాడూ బయటే పడతాడు. ప్రతిసారీ మళ్ళీ మొదటికి రావాలి. కలిపేసి తీస్తే దూరంవాళ్ళు ఎవరో ముందే తగులుతారు, మూత ముందే పెద్దదవుతుంది, తర్వాతివాళ్ళు చాలామంది లోపలే పడతారు. నీ చుక్కల్ని నాలుగుసార్లు కొత్తగా కలిపి చేశాను. నాలుగుసార్లూ అదే టైర్ల షాపు సందు. ఇప్పుడు నీ తల నీకు తిరిగొచ్చిందా?

నీ పెన్సిల్ చుక్కని కూడా పెట్టి చూశాను. అదీ, పడమటి కొసన రైల్వే గేటు పక్క ఇల్లూ ఈ అంచునొకటి ఆ అంచునొకటి వచ్చాయి. మిగతావాళ్ళందరూ లోపల పడ్డారు. నడిమధ్య ఎక్కడ వచ్చిందో తెలుసా? రిజర్వాయరు నీళ్ళలో! గోదాముకి పడవ కావాలి. గట్టు మీదికి జరిపినా రైల్వే గేటువాళ్ళకి ఇరవై అయిదు నిమిషాల దారి నలభై అవుతుంది. ఒక్క ఇంటికోసం ఊరందరినీ దూరం చెయ్యడం ఏం న్యాయంరా? లెక్కల్లో ఇలాంటి చుక్కని పక్కన పెట్టి మిగతా పని చూసుకోవడం మామూలే. ఒంటరి మనిషే అంటున్నావు, ఊళ్ళోకి మారమను. ఒంటరి వాళ్ళకి సామానెంత ఉంటుంది? నాకు తెలుసు, ఒక పెట్టె.

పైగా నీ తాపత్రయం చూస్తే నాకు అనుమానంగా ఉంది. పేరు చెప్పవు, ఊరు చెప్పవు, పెన్సిలుతో చుక్క పెడతావు, టీ తాగి వస్తావు. అక్కడ ఎవరైనా ఆవిడ ఉందా ఏమిటి? ఉంటే సిగ్గుపడకుండా చెప్పు, నేనే వచ్చి మాట్లాడతాను.

వేళాకోళం ఆడుతున్నాను గానీ మనసేం బాగాలేదు. పత్రికవాళ్ళ జవాబు వచ్చింది. నా పద్ధతిలో తప్పు లేదట. కానీ చీట్ల పద్ధతి అరపేజీలో అయిపోతుంటే ముప్పై పేజీల పద్ధతి ఎవరికి కావాలని అడిగారు. ఆరేళ్ళకి ఒక్క వాక్యం. ఎవరికైనా చెప్పుకుందామని వరండాలోకి వెళ్ళాను. అందరి తలుపులూ వేసి ఉన్నాయి. కుళాయి దగ్గర నీళ్ళు తాగి వెనక్కి వచ్చేశాను.

నీకు తెలీని సంగతి ఒకటి చెబుతాను. ఈ ఉద్యోగం వచ్చినప్పుడు వెళ్ళాలా వద్దా అని నేను మీ బావని అడిగాను. రాత్రీ పగలూ అదే ఆలోచనగా ఉన్నాను. ఆ మనిషి వెళ్ళు అనలేదు, వెళ్ళొద్దనీ అనలేదు. పాత క్యాలెండరు చింపి రెండు చీట్లు చేసి నా ముందు పెట్టాడు. నేను తీసిన దాంట్లో "వెళ్ళు" అని ఉంది. రెండోది ఎప్పటిలాగే నమిలేశాడు. ఆ రోజు నేను నవ్వలేదు. పెళ్ళాం ఇంట్లో ఉండాలో పోవాలో కూడా చీటీ చెప్పాల్సిందేనా? ఉండమని ఒక్క మాట అనిపించుకునే విలువ కూడా లేకపోయిందా నాకు? అది ఇప్పటికీ మింగుడు పడలేదు.

ఒట్టి సోది రాశాను. టైర్ల షాపు ఖాయం చేసుకో.

అక్క


మార్చి 8

అక్కకి,

పత్రికవాళ్ళ మాట చదివి చాలా బాధ అనిపించింది. నాకు ఆ లెక్కలు అర్థం కావు, కానీ ఆరేళ్ళంటే ఏమిటో అర్థమవుతుంది. నేను అక్కడ ఉంటే వరండాలో ఒక తలుపైనా తెరిచి ఉండేది. చెప్పింది వినపడకపోయినా ఊ కొట్టేవాణ్ణి.

మేనేజరు గారికి నీ పేరా చదివి వినిపించాను. ఆయన శభాష్ అన్నారు. దానితో పాటు ఒక్క ఇంటికోసం ఊరిని దూరం చెయ్యడం న్యాయం కాదన్న ముక్క కూడా ఆయన కళ్ళబడింది. అది ఆయనకి బాగా నచ్చింది. టైర్ల షాపు సందులో షెడ్డు మాట్లాడుతున్నారు. అక్కడినుంచి క్వారీకి గంటా పది నిమిషాలు పడుతుంది. చిన్న సిలిండరు వచ్చేది గంటే. అందుకని ఏప్రిల్ ఒకటి నుంచి ఆ ఇంటికి మా సరఫరా ఉండదు. ఆ మనిషి పెద్దాసుపత్రిలో ఎప్పటికీ ఉండిపోయేవాళ్ళ వార్డులో చేరాలి. ఆ వార్డు నేను చూశాను. రెండు వరసల మంచాలు, మధ్యలో నడవడానికి దారి. అక్కడ చేరినవాళ్ళెవరూ తిరిగి ఇంటికి వెళ్ళడం నేను చూడలేదు.

ఆవిడ కాదు అక్కా, మగమనిషి. యాభై దాటాయి. క్వారీలో రాళ్ళు పాలిష్ చేస్తూ ఆ పొడంతా లోపలికి పీల్చుకున్నారు. ఊళ్ళోకి మారండి, గది నేను వెతుకుతాను అన్నాను. మెట్లెక్కలేను, ఆ సందుల్లో గాలి ఆడదు అన్నారు. ఇక్కడ తలుపు తీస్తే కనీసం గాలి తగులుతుందట.

నీ లెక్క సంగతి కూడా చెప్పాను. ఏ వరసలో తీసినా జవాబు మారదన్న దాకా చాలా శ్రద్ధగా విన్నారు. ముక్కుకి గొట్టం ఉంది కాబట్టి గట్టిగా నవ్వలేరు, భుజాలు మాత్రం కదిలాయి. తర్వాత పలక మీద రాసి చూపించారు. నా చెవుల సంగతి తెలుసు కాబట్టి నాతో మాట్లాడేది ఆ పలక మీదే. "చీట్లు మడత పెట్టారా, ఉండలు చుట్టారా? మడత పెడితే వేళ్ళకి తెలిసిపోతుంది. ఉండలే చుట్టాలి" అని రాశారు. అది తుడిచేసి, "లెక్క రైటే. నన్ను వదిలెయ్యమనే వస్తుంది" అని రాశారు.



తమ్ముడు


మార్చి 13

తమ్ముడూ,

ఉండలు చుట్టాలని పట్టుబట్టే మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను.

ఎన్నాళ్ళ నుంచి? ఎన్నాళ్ళ నుంచి నాకు తెలీకుండా ఆ గదిలో టీ తాగి వస్తున్నావు? నన్ను ఆయన పేరెత్తనిచ్చి, చీట్లనీ నమలడమనీ వాగనిచ్చి, అవన్నీ చదువుకుని నోరు మూసుకుని కూర్చున్నావు. ఆఖరికి "ఊళ్ళోకి మారమను, ఒక పెట్టేగా" అని నా చేత్తోనే రాయించావు. నీ మీద ఎంత కోపంగా ఉందో చెప్పలేను. నా మీద అంతకంటే ఎక్కువ ఉంది.

విను. మొదటి ఉత్తరంలో నీకు నేనే రాశాను. బయట పడిన చుక్కని వదిలెయ్యడం ఆ పద్ధతిలోనే లేదు. దాన్ని అంచున పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాలి. పద్ధతంటే అదే, అంతకుమించి ఏమీ లేదు. ఏటా పిల్లలకి పాఠం చెబుతాను, పరీక్షలో అడుగుతాను, తప్పు రాస్తే సున్నా వేస్తాను. ఇవాళ ఆ సున్నా నాకు పడింది.

మళ్ళీ లెక్క చేశాను. నడిమధ్య నీళ్ళలో వచ్చింది కదా, దానికి అన్నిటికంటే దగ్గరి పొడి నేల రిజర్వాయరు గట్టు మీద పాత పంపు హౌసు. దాని పక్కన రేకుల షెడ్డు ఒకటి మ్యాపులో కనిపిస్తోంది. అక్కడినుంచి రైల్వే గేటుకి నలభై నిమిషాలు, క్వారీ గదికి కూడా కాస్త అటూ ఇటూగా అంతే. చిన్న సిలిండరు వచ్చేది గంట. అంటే అందరికీ టైముంది. రైల్వే గేటువాళ్ళకి ఇరవై అయిదు నలభై అయితే ఏమీ మునిగిపోదు. ఆయనకి నలభై కాస్తా డెబ్బై అయితే ప్రాణం పోతుంది. ఈ రెండిటినీ ఒకే తక్కెడలో వేసి న్యాయం గురించి మాట్లాడాను, సిగ్గు లేకుండా.

మేనేజరు గారిని టైర్ల షాపు మాట వెనక్కి తీసుకోమను. తప్పు ప్రొఫెసరు గారిదే అని చెప్పు. కావాలంటే ఆయనకి నేను విడిగా రాస్తాను.

ఆయనకి ఎలా ఉందో రాయి. నిజంగా ఎలా ఉందో రాయి. నేను అడిగానని మాత్రం చెప్పకు.

అక్క


మార్చి 24

అక్కకి,

తిట్టు, పడతాను. మూడేళ్ళ నుంచి. ఒకరోజు సిలిండరు దించడానికి కొత్త అడ్రసు ఇస్తే వెళ్ళాను, తలుపు తీసింది బావ. మీ అక్కకి రాశావంటే నీ సిలిండరు నాకొద్దని పలక మీద రాశాడు. నేను నీకూ చెప్పలేక, ఆయన్ని ఒప్పించలేక, మూడేళ్ళు ఇద్దరి మధ్యా నలిగాను. మ్యాపు మీద ఇంకుతో చుక్క పెట్టబోతే చెయ్యి రాలేదు. ఎవరిదని నువ్వు అడుగుతావని భయం. అందుకే పెన్సిలు. ఆ ఉండల మాట నీకు కావాలనే రాశానో, చెయ్యి జారి రాశానో నాకే తెలీదు.

మేనేజరు గారు మొదట మండిపడ్డారు. మీ అక్క ఉత్తరానికో మాట అంటుందేమిటన్నారు. నేను నీ కాగితం ఆయన ముందు పెట్టి అక్కడే నిలబడ్డాను, ఆయన అరిచినవి ఎలాగూ సగమే వినపడ్డాయి. ఆఖరికి వ్యానెక్కి, గడియారం చేత్తో పట్టుకుని, పంపు హౌసు నుంచి అటు కొసకీ ఇటు కొసకీ స్వయంగా వచ్చారు. రెండువైపులా నలభై దాటలేదు. దిగేటప్పుడు ఏదో గొణిగి నా భుజం తట్టారు. పంపు హౌసు షెడ్డే ఖాయమైంది. నిన్న సిలిండర్లు మార్చడం మొదలుపెట్టాం. కిటికీలోంచి అంతా నీళ్ళే.

నిజంగా ఎలా ఉందో రాయమన్నావు. బాగాలేదు. మంచం మీంచి తలుపు దాకా నడిస్తే కూర్చోవాలి. పోయిన శీతాకాలం కంటే సగమయ్యాడు. గోదాము దగ్గరికి వచ్చింది కాబట్టి వార్డుకి పోవక్కర్లేదు, అంతవరకే. డాక్టరు గారు సంవత్సరం లెక్కన మాట్లాడటం మానేశారు.

నువ్వు చెప్పొద్దన్నా చెప్పేశాను. ఈ దాపరికాలు ఇక నా వల్ల కాదు. నీకు తెలిసిపోయిందని, గోదాము జరిపించింది నువ్వేనని అన్నాను. పలక తుడిచి పక్కన పెట్టాడు. తర్వాత నన్ను బయట నిలబడమని, లోపల ఏదో చేసి, రెండు కాగితపు ఉండలు నా చేతిలో పెట్టాడు. పలక మీద ఇలా రాసి ఉంది: "ఒకటి తియ్యమను. రెండోది చూడకుండా పారెయ్యమను. నమలడానికి నేను అక్కడ లేను కదా."

రెండూ ఈ కవర్లోనే ఉన్నాయి. నేను విప్పలేదు.

తమ్ముడు


మార్చి 30

తమ్ముడూ,

ఉండలు రెండూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఇంకా అదే అలవాటు, ఎంత బిగించి చుట్టాడో! ఒకటి తీశాను. "రావద్దు" అని ఉంది. ఆయన అక్షరాలే, కాస్త వణికాయి.

ఏడుపొచ్చింది. ఏడిచాను. రమ్మన్నా వెళ్ళేదాన్నో లేదో తెలీదు గానీ, రావద్దనేసరికి ఈ గదిలో ఇంకొక్క క్షణం కూడా ఉండలేననిపించింది. ఎక్కడికి పోతాను? తలుపు దాకా వెళ్ళి వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాను. రెండో ఉండ అక్కడే ఉంది.

ఎప్పుడూ రెండో చీటీ నేను చూడలేదు. ఆయన చూడనిచ్చేవాడు కాదు, నాకూ అక్కర్లేకపోయేది. తేలిపోయాక ఇంకా ఏముంది అనుకునేదాన్ని. కానీ నా వృత్తి ఏమిట్రా? ఒక దారి చూసి ఊరుకోకుండా అన్ని దారులూ చూడటమేగా? అందుకని పారెయ్యకుండా విప్పాను.

అందులోనూ "రావద్దు" అనే ఉంది.

రెండిటినీ పక్కపక్కన పెట్టి చూశాను. తర్వాత ఒక్కొక్కటే గుర్తు రావడం మొదలైంది. ఏ సినిమా చూడాలని మనసులో ఉంటే ఆ సినిమా చీటీయే వచ్చేది. కిటికీలున్న ఇల్లు కావాలనుకుంటే కిటికీలున్న ఇల్లే వచ్చింది. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా నేను ఓడిపోలేదు. నాణెం ఎగరేస్తే వరసగా పదిసార్లు బొమ్మ పడటం ఎంత అరుదో ఏటా పిల్లలకి చెబుతాను. నా ఇంట్లో, నా చేత్తో, పదకొండేళ్ళు బొమ్మే పడుతుంటే నా అదృష్టం మంచిదనుకున్నాను గానీ, ఇదెలా సాధ్యమని ఒక్కనాడైనా అనుకోలేదు!

ఆ రోజు క్యాలెండరు కాగితంలో ఆయన నమిలి మింగినదాంట్లో ఏముందో నాకిప్పుడు తెలుసు. నేను వెళ్ళాలని తహతహలాడుతున్నాను, వెళ్తానని నోరు తెరిచి అనలేకపోతున్నాను. ఆయన ఉండమంటే ఉండిపోయేదాన్ని, వెళ్ళమంటే నన్ను వదిలించుకుంటున్నాడనుకునేదాన్ని. అందుకని రెండిటిలోనూ "వెళ్ళు" అనే రాసి, ఆ నెపం చీటీ మీదికి తోసేశాడు. నేను ఆ చీటీల మీద పగబట్టి, ఆరేళ్ళు కూర్చుని, అదృష్టం లేని పద్ధతి కనిపెట్టాను. మా ఇంట్లో అదృష్టం అనేదే ఎప్పుడూ లేదురా. అంతా ఆయన ముందే తేల్చి పెట్టినదే, నా మనసు చూసి.

ఇప్పుడూ అదే చేశాడు. నాకు రావాలని లేదనుకున్నాడు, రాలేకపోయినందుకు నేను బాధపడకూడదని "రావద్దు" అని రెండుసార్లు రాశాడు. కానీ ఈసారి లెక్క తప్పాడు. నా మనసులో ఉన్నది అది కాదు. తప్పు చీటీ ఇవ్వడం ఆయనకి ఇదే మొదటిసారి.

గురువారం పొద్దుటి బండికి వస్తున్నాను. సెలవు పెట్టాను, ఎన్నాళ్ళని రాయలేదు. ఒక పెట్టె సర్దుకున్నాను. స్టేషను నుంచి నీ గదికి తీసుకెళ్ళకు, సిలిండర్లు వేసుకుని సరాసరి పంపు హౌసు మీదుగా క్వారీకి పోనీ. ఆ నలభై నిమిషాలు ఎంతసేపుంటాయో నేనూ చూస్తాను.

ముందుగా ఆయనకి చెప్పు, ఉన్నట్టుండి చూస్తే ఊపిరి అందకపోతుంది. ఏమైనా రాయబోతే పలక తీసేసుకో. కాగితాలు కూడా కనబడకుండా దాచెయ్యి. నేను వచ్చాక నోటితోనే అడుగుతాను, ఉండనా అని. ఆయన కూడా నోటితోనే చెప్పాలి.

అక్క